ఒకే రాత్రి ఒగ్గు కథ, మూడు రికార్డింగులు: ఒకటిగా ఎట్లా కలపాలి?

మీరు అడిగింది ఇదీ: ఐనవోలు మల్లన్న జాతరలో రాత్రి చెప్పిన ఒగ్గు కథ (డోలు, తాళాలతో చెప్పే తెలంగాణ జానపద కథ) మూడు చోట్ల రికార్డయింది. మైక్‌సెట్ మిక్సర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది ఒకటి, ముందు వరుసలో ఫోన్‌లో తీసింది ఒకటి, వెనక 40 మీటర్ల దూరంలో తీసిన వీడియో ఒకటి. మూడూ కలిపి వింటే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది, డోలు ఒక్కో దెబ్బ రెండుగా పడుతోంది. నాయిస్ తీసేస్తే ఇంకా పాడైంది.

నాయిస్ జోలికి ఇప్పుడే పోకండి. టైమ్ కలవకముందు ఏం చేసినా మళ్లీ చేయాల్సి వస్తుంది.

ముందు ఫైళ్ల సంగతి. వాట్సాప్‌లో వీడియోగా వచ్చిన కాపీ వాడొద్దు, అందులో ఆడియో కూడా కుదించుకుపోయి ఉంటుంది. తీసినవాళ్లను అదే ఫైలు డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి. మూడింటినీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (కుదించని ఆడియో) ఫైళ్లుగా మార్చి, అసలు ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో ముట్టుకోకుండా దాచండి.

మిక్సర్ ట్రాక్‌ను ఆధారంగా పెట్టుకుని, మొదట్లో స్పష్టంగా పడిన ఒక డోలు దెబ్బ దగ్గర ఫోన్ ట్రాక్‌ను దానితో కలపండి. ఇప్పుడు చివరికి వెళ్లి ఇంకో దెబ్బ చూడండి, అది తప్పకుండా పక్కకు జరిగి ఉంటుంది. ఏ రెండు పరికరాల గడియారాలూ ఒకే వేగంతో నడవవు. 1 గంట 50 నిమిషాలకు 0.33 సెకన్లు తేడా వచ్చిందంటే పది లక్షల్లో 50 వంతులు, అంటే 0.005 శాతం. వినడానికి శ్రుతిలో ఏమీ తెలియదు గానీ కథ చివరికొచ్చేసరికి మాట వెంట ఇంకో మాట పడుతుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్ మార్చే ఎఫెక్ట్‌లో కొత్త నిడివి గడి ఉంటుంది, అందులో సరైన నిడివి కొట్టండి. టెంపో మార్చే ఎఫెక్ట్ మాత్రం వాడొద్దు, అది శ్రుతిని నిలబెట్టే ప్రయత్నంలో దెబ్బ మొదలును మెత్తగా చేసేస్తుంది. రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అయితే శ్రుతిని నిలబెట్టే ప్రిజర్వ్ పిచ్ తీసేసి రేటు (వేగం) మార్చండి.

మొదలు, చివర కలిశాక మధ్యలో తప్పక చూడండి. అక్కడ కలవలేదంటే అది వేగం తేడా కాదు, ఎక్కడో ముక్క పోయింది. ఫోన్ వచ్చి రికార్డింగు ఆగి ఉండొచ్చు, పెన్‌డ్రైవ్‌లో ఫైలు 4 జీబీ దగ్గర తెగి ఉండొచ్చు. అట్లాంటిచోట సాగదీయకుండా కోసి, ఖాళీ వదిలి, రెండో ముక్కను విడిగా కలపాలి.

ఇక రెండు దెబ్బల డోలు. ఇది ఒగ్గు కథకు మరీ ఎక్కువగా వచ్చే ఇబ్బంది. కథకుడి గొంతు హార్న్ స్పీకర్‌లోంచి వస్తుంది, డోలు మాత్రం మైకు లేకుండా నేరుగా వినిపిస్తుంది. ఫోన్ హార్న్‌కు 3 మీటర్లు, బృందానికి 10 మీటర్ల దూరంలో ఉందనుకోండి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, కాబట్టి ఆ 7 మీటర్ల తేడాకు ఫోన్‌లో డోలు, గొంతు కంటే 20 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. మిక్సర్‌లోనేమో కథకుడి మైకులో పడిన డోలు గొంతుతోపాటే ఉంటుంది. గొంతు కలిపితే డోలు చీలుతుంది, డోలు కలిపితే గొంతు చీలుతుంది.

దీనికి నాకు పనికొచ్చిన పద్ధతి ఫోన్ ట్రాక్‌ను రెండు కాపీలు చేయడం. ఒక కాపీలో 250 హెర్ట్జ్ పైది కోసి, డోలు బరువు మాత్రమే మిగిల్చి, 20 మిల్లీసెకన్లు ముందే పడేలా ఎడమవైపుకు జరపండి. రెండో కాపీలో 250 కింద కోసి, గొంతుకు కలిపి ఉంచండి. మిక్సర్ ట్రాక్‌లో 150 కింద కోసేయండి, బరువు ఒకే చోటు నుంచి రావాలి. ఫోన్ మైకులో అడుగు శబ్దం అసలే ఎక్కకపోతే మాత్రం మిక్సర్‌ది కోయొద్దు.

డబ్బా గొంతుకు కారణం వేరు. ఒకే గొంతు 1 మిల్లీసెకను తేడాతో సమాన స్థాయిలో కలిస్తే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర పూర్తిగా కొట్టేసుకుంటుంది. రెండింటి మధ్య 10 డీబీ (డెసిబెల్, శబ్ద స్థాయి కొలత) తేడా ఉంటే ఆ చోట్ల పడే గుంట 3 డీబీకి కాస్త ఎక్కువతో ఆగిపోతుంది. అందుకే మిక్సర్ ట్రాక్ సున్నా దగ్గర ఉంటే ఫోన్ రెండో కాపీ (గొంతుది) మైనస్ 10, వెనక వీడియో మైనస్ 15 చుట్టూ మొదలుపెట్టండి. డోలు కాపీని మాత్రం చెవితో పెంచండి. డోలు కాపీ మీద ఇన్వర్ట్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) కూడా ఒకసారి నొక్కి చూడండి, డోలు ఏ వైపు నిండుగా ఉంటే అదే ఉంచండి.

వెనక వీడియో మీద మరీ పట్టు పట్టకండి. తీసినతను ఒక మీటరు జరిగితే 3 మిల్లీసెకన్లు మారుతుంది, రాత్రి 10 డిగ్రీలు చల్లబడితే 40 మీటర్ల దూరానికి ఇంకో 2 మిల్లీసెకన్లు పోతుంది. పావుగంటకోసారి సరిచేస్తే చాలు. దాని విలువ జనంలో ఉంది: దేవుడు పూనిన శివసత్తుల కేకలు, గజ్జెలు, కథకుడి మాటకు అందుకునే వంత. వీటిని నాయిస్ అనుకుని ప్రొఫైల్ (ఏది నాయిసో సాఫ్ట్‌వేర్‌కు చూపే నమూనా) తీసుకున్నారేమో, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు కావడానికి అదే కారణం.

తీయాల్సింది హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత) ఒక్కటే. లైన్ కరెంటు అయితే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర నాచ్ (ఆ ఒక్క చోటే కోసే ఫిల్టర్) పెట్టండి. జాతరలో జనరేటర్ నడిస్తే 50 మీద నిలబడదు, ముందు స్పెక్ట్రమ్‌లో గీత ఎక్కడుందో చూడండి. నాయిస్ రిడక్షన్ వాడాల్సి వస్తే 6 డీబీ దాటొద్దు, అదీ మిక్సర్ ట్రాక్‌కే, ఎవరూ మాట్లాడని రెండు సెకన్ల నుంచి ప్రొఫైల్ తీసుకుని.

డోలు మోగినప్పుడల్లా ఫోన్ తనంతట తనే స్థాయి తగ్గించి, ఆగగానే జనం గోల పైకి లేపుతుంది. ఇది పూర్తిగా పోదు, ఎన్వలప్‌తో (ట్రాక్ మీద స్థాయిని చోటుచోటుకీ మార్చే గీతతో) చేత్తో దించుకోవాలి. పైభాగం చదునుగా తెగిన దెబ్బలకు ఆడాసిటీలోని క్లిప్ ఫిక్స్ ఎఫెక్ట్ చిన్న చిన్న ముక్కల మీదే నడపండి, నిడివి ఎక్కువైతే గంటలు తింటుంది.

చివరికి అన్నిటికంటే పెద్ద శబ్దం శిఖరం మైనస్ 1 డీబీ దగ్గర ఆపి ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించే ఆడియో ఫైలు రకం) దాచండి. యూట్యూబ్‌లో పెట్టే ముందు బృందం పెద్దను అడిగి, డోలు, తాళం, వంత ఎవరెవరిదో పేర్లు రాసుకోండి. ఫైలు పూర్తయ్యాక ఒక్క ఫోన్ స్పీకర్‌లో మోనోగా పెట్టి వినండి, ఇయర్‌ఫోన్లలో దాగిన చీలిక అక్కడ వెంటనే బయటపడుతుంది.