మేస్త్రీ జవాబులు: లారీకి ఏ సైలెన్సర్ వేయించాలి?

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది పలమనేరు. 2016 మోడల్ ట్రైలర్ ఉంది, ఆర్సీలో బీఎస్3 (పాత పొగ కాలుష్య ప్రమాణం) అని ఉంది. కుప్పం నుంచి గ్రానైట్ బ్లాకులు కృష్ణపట్నం పోర్టుకు తోలుతాం. సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. కంపెనీది కొందామంటే రేటు ఎక్కువ చెబుతున్నారు. చిత్తూరులో ఒక షాపువాళ్లు ఐదించుల స్టీలు పైపుతో, పొగ అడ్డు లేకుండా పోయే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేస్తామని, లీటరుకు అర కిలోమీటరు మైలేజీ పెరుగుతుందని అంటున్నారు. మావాడేమో ఫోన్లో అమెరికా లారీలు చూసి, క్యాబిన్ వెనక మెరిసే పొగగొట్టాలు రెండు నిలబెడదామంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ అర కిలోమీటరు సంగతి తేల్చుకుందాం. లోడు మీద మీ ట్రైలర్ లీటరుకు మూడు కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. మూడు మీద అర అంటే ఆరో వంతు. ఒక్క పైపు మార్చితే మైలేజీ ఆరో వంతు పెరిగేటట్టయితే, బండి చేసిన కంపెనీవాళ్లే ఆ పైపు వేసి, పేపర్లో ప్రకటన ఇచ్చి మరీ అమ్ముకునేవాళ్లు. కొంచెం బ్యాక్ ప్రెషర్, అంటే పొగకు ఎదురు ఒత్తిడి ఉంటేనే ఇంజనుకు బలం అని పాత డ్రైవర్లు అంటారు కదా, టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజనులోకి గాలి నెట్టేది) ఉన్న ఇంజనుకు ఆ మాట పనికిరాదు. టర్బో వెనక పొగ ఎంత సులువుగా పోతే అంత మంచిది. కానీ మీ ఇంజను వదిలే పొగకు కంపెనీ పైపు సరిపోతున్నప్పుడు అంతకంటే లావుది వేస్తే ఏం లాభం? చెరువు తూము అంతే ఉంటే కింద కాలువ ఎంత వెడల్పు తవ్వినా పారేవి అవే నీళ్లు. మైలేజీ నిజంగా తగ్గి ఉంటే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు (ఇంజనులోకి డీజిల్ చిమ్మేవి), టైర్లలో గాలి చూపించండి.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. పోయిన ఎండాకాలం ఒక ట్రైలర్ నా షెడ్డుకు వచ్చింది. నాలుగు రోజుల ముందే ఎక్కడో కొత్త పైపు వేయించారు. డ్రైవరు దిగీ దిగగానే, "మొగిలి ఘాట్‌లో బండి పట్టు దొరకలేదు మేస్త్రీ, ఎగ్జాస్ట్ బ్రేకు తొక్కితే ఉత్త సౌండే" అన్నాడు. బ్రేకు డ్రమ్ముల దగ్గర కాలిన బ్రేకు లైనర్ల కంపు. కింద పడుకుని టార్చి వేసి చూశాను. ఎగ్జాస్ట్ బ్రేకు కోసం పొగను అడ్డుకునే బటర్‌ఫ్లై వాల్వు టర్బో వెనక ఉండాలి, అది లేనే లేదు. లావు పైపుకు అడ్డమొస్తోందని వెల్డింగ్ చేసినాయన కోసి పక్కన పడేశాడు. దాన్ని మూసే ఎయిర్ సిలిండర్‌ను మాత్రం తీగతో ఛాసీకి కట్టేసి పోయాడు. బటన్ తొక్కినప్పుడల్లా సిలిండర్ బుస్సుమంటోంది, రాడ్డు ముందుకూ వెనక్కూ ఆడుతోంది, దాని చివర ఏమీ లేదు! ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, ఆ రాడ్డును చూసి నాకు ఒళ్లు జలదరించింది.

మీరు కూడా బ్లాకులు వేసుకుని పలమనేరు నుంచి అదే ఘాట్ దిగాలి. ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేసేదే పొగకు అడ్డం పడి. వాల్వు మూసుకుంటే పొగ ఇంజను వైపు ఎదురు తన్ని చక్రాల వేగాన్ని ఆపుతుంది. అందుకని ఏ షాపుకు పోయినా మొదటి మాట, "వాల్వు వరకు చెయ్యి వేయొద్దు, పని అంతా దాని తర్వాతే" అని చెప్పండి. మేనిఫోల్డు (ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టం) ప్యాకింగ్ దగ్గర నల్లటి మసి చార కనబడితే అక్కడ లీకు ఉన్నట్టే. ముందు అది మార్పించండి, లేకపోతే వాల్వు ఉన్నా బ్రేకు సగమే.

పాతది ఎందుకు పోయిందో కూడా చూడాలి. లీటరు డీజిల్ కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరై పొగతో పాటు వస్తాయి. నమ్మరు గానీ నిజం. బండి రోజంతా రోడ్డు మీద ఉంటే ఆ తేమ ఎగిరిపోతుంది. పోర్టు బయట వరసలో గంటలకొద్దీ ఇంజను ఊరికే తిరుగుతూ నిలబడితే సైలెన్సర్ వేడెక్కదు, నీళ్లు లోపలే కూర్చుంటాయి. పొగలోని గంధకంతో కలిసి అదే ఆసిడ్ అవుతుంది. పైనుంచి సముద్రపు ఉప్పు గాలి. మీ సైలెన్సర్ లోపలి నుంచీ బయటి నుంచీ తిన్నదన్నమాట. కొత్తదానికి కింది భాగంలో నీళ్లు కారే చిన్న రంధ్రం ఉందో లేదో చూసుకోండి.

స్టీలు అని చెప్పిందల్లా ఒకే స్టీలు కాదు. షాపుకు పోయేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం వేసుకుపోండి. అతుక్కుంటే అది మామూలు ఇనుమో, అల్యూమినియం పూతదో, 409 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలో. 409 తప్పేం కాదు, కంపెనీలు ఎక్కువగా వాడేది అదే, పైన ఎర్రబడినా చాలాకాలం వస్తుంది. అతుక్కోకపోతే తుప్పు త్వరగా పట్టని 304 గ్రేడు అనుకుని సంబరపడకండి. 202 గ్రేడు కూడా అతుక్కోదు. అందులో నికెల్ తక్కువ కాబట్టి చవక, ఉప్పు గాలికి అంత త్వరగానూ మచ్చలు పడుతుంది. బిల్లు మీద 304 అని రాసివ్వమనండి. రాయడానికి నసిగాడంటే బయటికి వచ్చేయండి.

304 వేయిస్తే ఇంకో సంగతి. అది వేడికి ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది. రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే ఇనుము ఏడు మిల్లీమీటర్లు సాగితే, 304 పది దాటుతుంది. పైపును ఛాసీకి గట్టిగా వెల్డింగ్ చేసి పారేస్తే సాగే చోటు లేక ఎక్కడో ఒక చోట చీలుతుంది. రబ్బరు హ్యాంగర్లు, ఇంజను దగ్గర ఫ్లెక్సిబుల్ బెల్లో (అటూ ఇటూ వంగే ముడతల గొట్టం) తప్పనిసరి. బెల్లో పాతదే చాల్లే అని మిగిల్చిన డబ్బు, మేనిఫోల్డును బిగించే స్టడ్లు విరిగాక రెండింతలు కక్కాల్సి వస్తుంది. ఇనుప ఫ్లాంజికి (బోల్టులు బిగించే అంచుకు) 304 పైపు అతికేటప్పుడు 309 వెల్డింగ్ రాడ్డు వాడమనండి.

నేనైతే మీ బండికి కంపెనీ సైజు పైపే, లోపల అరలు ఉండే సైలెన్సర్, 304లో వేయిస్తాను. గ్లాస్ ఊల్ కూరింది వద్దు. డీజిల్ మసికి ఊల్ మూసుకుపోతుంది, లేదా కొన్నాళ్లకు ఎగిరిపోయి బండి అరవడం మొదలుపెడుతుంది. అరిచే బండిని పోలీసులు పట్టుకుంటే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోయే సెక్షను 190(2) ఉంది. రోజూ పది గంటలు ఆ హోరులో కూర్చునే డ్రైవరు గురించి కూడా కొంచెం ఆలోచించండి.

ఇక మీవాడి పొగగొట్టాలు. అక్కడి లారీలకు బానెట్ ముందుకు ఉంటుంది, గొట్టానికి క్యాబిన్ వెనక చోటుంటుంది. మన బండిలో ఆ చోట ఎయిర్ పైపులూ వైర్లూ ఉన్నాయి, వేడికి కరుగుతాయి. పల్లె రోడ్ల మీద కరెంటు తీగలూ చింతకొమ్మలూ ఎంత కిందికి ఉంటాయో వాడికీ తెలుసు. అంత ముచ్చటగా ఉంటే క్యాబిన్‌కు మంచి పెయింటింగ్ వేయించమనండి.

ప్రశ్న: తిరుపతిలో మాకు బీఎస్6 టిప్పర్ ఉంది. నెలలో మూడుసార్లు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలుగుతోంది. ఆ ఫిల్టరు డబ్బా తీసేసి డమ్మీ పైపు, లైటు వెలగకుండా చేసే చిన్న ఎలక్ట్రానిక్ బాక్సు పెడితే టెన్షన్ ఉండదంటున్నారు. నిజమేనా?

జవాబు: వద్దే వద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో ఆ డబ్బా సైలెన్సర్ ఒక్కటే కాదు. మసి పట్టే ఫిల్టరు, యూరియాతో పొగను శుభ్రం చేసే కేటలిస్టు అన్నీ అందులోనే. తీసేస్తే చట్టం ప్రకారం తప్పు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరా ఇబ్బందే. "పాత డబ్బా మాకే వదిలేయండి" అని కూడా అన్నారా? లోపల ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి, అందుకే ఆ ప్రేమ.

టిప్పర్ ఊళ్లోనే నాలుగేసి కిలోమీటర్లు తిరుగుతుంటే మసి కాలేంత వేడి రాదు, లైటు వెలుగుతుంది. వారానికి ఒకసారి ఖాళీ బండిని రేణిగుంట దాటించి శ్రీకాళహస్తి దాకా ఒకే వేగంతో తోలి చూడండి. అప్పటికీ వెలిగితే ముందు ప్రెషర్ సెన్సార్‌కు పోయే సన్నటి పైపులు చిట్లాయేమో చూపించండి, ఆ తర్వాత ఇంజెక్టర్ కారుతోందేమో. ఇంజనాయిల్ బీఎస్6 గ్రేడుదేనా అన్నది డబ్బా మీద చదవండి, డ్రైవరు మాట మీద వదలొద్దు. నిలబెట్టి రీజెనరేషన్ (పట్టిన మసిని కాల్చేయడం) చేసేటప్పుడు బండిని ఎండుగడ్డి మీద మాత్రం ఆపకండి.