చెల్లెకు పనిచేసిన పంపు నాకెందుకు పనిచేస్తలేదు?

ప్రశ్న: నాకు 44 ఏండ్లు, మిర్యాలగూడ దగ్గర పల్లె మాది. చిన్నప్పుడు నాకు దమ్ము అంటేనే తెల్వదు, 38 దాటినంక మొదలైంది. మా చెల్లెకు చిన్నప్పటి సంది ఉంది, దుమ్ము తగిలితే తుమ్ములు, పిల్లికూతలు, కానీ పంపు (ఇన్‌హేలర్) కొట్టుకుంటే మంచిగుంటది. నేను అదే పంపు రెండేండ్ల సంది కొడుతున్నా గానీ రెండు నెల్లకోసారి స్టెరాయిడ్ గోళీలు మింగాల్సిందే, మింగితే తగ్గుతది, ఆపితే మళ్లీ మొదటికే. ముక్కు ఎప్పుడూ బిగుసుకపోయే ఉంటది, పోపు మాడినా వాసన తెలుస్తలేదు. ఇద్దరిదీ ఒకటే రోగం కదా, నాకే ఎందుకిట్ల?

జవాబు: అక్కా, దమ్ము, ఆస్తమా అని పేరు ఒకటే గానీ లోపల జరిగేది ఒకటి కాదు. ముందైతే పంపు కొట్టుకునే తీరు డాక్టర్ ముందట ఒకసారి చూపియ్యండి, రోజూ కొడుతున్నరా, స్పేసర్ (పంపుకు తగిలించే గొట్టం) వాడుతున్నరా అనేది తేలాలె. అది సరిగ్గనే ఉందనుకొని మిగతాది చెప్తున్నా.

మీ చెల్లెది చూడబోతే చిన్నప్పుడే మొదలయ్యే అలర్జీ దమ్ము, అంటే దుమ్మో పుప్పొడో లోపలికి పోంగనే ఐజీఈ అనే యాంటీబాడీ దాన్ని పట్టుకొని ఊపిరి గొట్టాలను రెచ్చగొడ్తది. మీది వేరే రకం లెక్క కొడ్తుంది. పెద్దయినంక మొదలవడం, ముక్కు మూసుకపోవడం, వాసన పోవడం, స్టెరాయిడ్ గోళీకి మాత్రం టక్కున లొంగడం, ఇవన్నీ ఒకే మనిషిలో కనబడితే ఛాతీ డాక్టర్లకు ముందు గుర్తొచ్చేది ఈసినోఫిల్ రకం. దీనికి బయటి అలర్జీ ఉండాల్సిన పనే లేదు, ఒంట్లనే ఇంటర్‌ల్యూకిన్-5 అనే సిగ్నల్ ఎక్కువైతది, దానితోని ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు మూలుగలో ఎక్కువ పుట్టి, ఎక్కువ రోజులు బతికి, గొట్టాల గోడల్లో చేరి వాపు తెస్తయ్, తెమడ బంకలెక్క గట్టిపడ్తది. ఈ రకంలో చానామందికి ముక్కులో పాలిప్స్ అనే మెత్తటి కండలు ఉంటయ్, కాబట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కు కూడా చూపియ్యండి. ఇంకొకటి, తలనొప్పికో కీళ్లనొప్పికో గోళీ వేసుకున్నంక గంట రెండు గంటల్లో దమ్ము వచ్చిందా ఎప్పుడన్నా? వచ్చి ఉంటే ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మళ్లీ ముట్టొద్దు, మెడికల్ షాపులో కూడా ముందే చెప్పాలె.

దీన్ని కనిపెట్టే మొదటి పరీక్ష పెద్ద ఖర్చుది కాదు, మనందరి ఇండ్లల్ల పడి ఉండే సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే రిపోర్టే. టోటల్ డబ్ల్యూబీసీ కౌంట్ 8,000 ఉండి, కింద డిఫరెన్షియల్ కౌంట్‌లో ఈసినోఫిల్స్ 8 శాతం ఉంటే ఈసినోఫిల్స్ లెక్క 640 అన్నట్టు, దాన్నే ఏఈసీ (అబ్సల్యూట్ ఈసినోఫిల్ కౌంట్) అంటరు. పంపు సరిగ్గ వాడినా తగ్గని దమ్ములో ఇది 150 దాటితే అనుమానపడాలె, 300 దాటితే అనుమానం గట్టిది. ఇంక ఫీనో అని గొట్టంలోకి ఊది, ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో చూసే పరీక్ష ఉంది, 20 దాటితే అది కూడా అటే చూపిస్తది, కానీ అన్ని ఊర్లల్ల దొరకదు.

నాకు బాధ అనిపించేది ఇక్కడనే. రాత్రిపూట ఎటాక్ వస్తది, స్టెరాయిడ్ ఇంజక్షన్ పడ్తది, పడాల్సిందే, రక్త పరీక్ష కోసం దాన్ని ఆపొద్దు, కానీ రక్తం మాత్రం మర్నాడు తీస్తరు, అప్పటికి ఈసినోఫిల్స్ సున్నాకు దిగిపోయి ఉంటయ్, రిపోర్టు చూసి నార్మల్ అని ఫైల్ మూసేస్తరు, ఆ మనిషికి ఏ రకమో తెల్వకుండనే ఏండ్లు గడుస్తయ్. డాక్టర్ చెప్పిన గోళీల కోర్సు అయిపోయి కనీసం ఒకటి రెండు వారాలైనంక రక్తం ఇయ్యాలె, ఒక్కసారి తక్కువొచ్చినా వదలకుండా మళ్లీ చేయించాలె. గోళీలకంటే ముందు తీసిన పాత రిపోర్టు ఏదన్నా బీరువాలో ఉంటే అది బంగారం, తీస్కపోండి.

అట్లని ఎక్కువ రాంగనే దమ్ము వల్లనే అని కూడా అనుకోవద్దు. మన దిక్కు పొలాల్లో ఉత్తకాళ్లతోని తిరిగేటోళ్లకు కడుపులో పురుగులున్నా, ఫైలేరియా (బోదకాలు రోగం) ఉన్నా ఈసినోఫిల్స్ పెరుగుతయ్, మల పరీక్ష చేయించాలె. ఐజీఈ మరీ ఎక్కువుంటే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అలర్జీ ఉందేమో చూస్తరు, దాని వైద్యమే వేరు.

రకం తెలిస్తే ఏమొస్తది అంటరేమో. ఇంటర్‌ల్యూకిన్-5ను ఆపే మెపోలిజుమాబ్ అనే ఇంజక్షన్‌ను ముందు ఏ రకమో చూడకుండా ఆస్తమా ఉన్నోళ్లకు ఇచ్చి చూసినప్పుడు, 2007లో వచ్చిన ఫలితాల్లో పెద్ద లాభం కనబడలేదు, ఇగ ఈ మందు పనికిరాదు అనుకున్నరు. 2009లో ఈసినోఫిల్స్ ఎక్కువుండి మాటిమాటికి ఎటాక్‌లు వచ్చేటోళ్లనే ఏరి ఇస్తే ఎటాక్‌లు బాగా తగ్గినయ్. మందు అదే, మనుషులను ఎంచుకున్న తీరే మారింది. 2015లో అమెరికాలో దానికి అనుమతి కూడా వచ్చింది. ఇట్లాంటి ఇంజక్షన్లు ఖరీదైనవి, అందరికీ అవసరం పడవు, కానీ మీలెక్క ఏడాదికి ఐదారుసార్లు గోళీలు మింగేటోళ్లు డాక్టర్‌ను అడగాల్సిందే, ఎందుకంటే ఆ గోళీలతోని షుగర్, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు వస్తయ్.

ప్రశ్న: మాది అచ్చంపేట. మా నాయనకు 58 ఏండ్లు, 30 ఏండ్ల సంది బీడీలు తాగుతడు. ఆస్తమా అన్నరు, స్టెరాయిడ్ డోస్ పెంచుకుంట పోతున్నరు, దమ్ము తగ్గలే గానీ షుగర్ వచ్చింది. ఏఈసీ 90 ఉంది. కొత్త ఇంజక్షన్లు ఇప్పియ్యాల్నా?

జవాబు: ఆ 90 స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు వచ్చిందా, లేనప్పుడు వచ్చిందా అనేది ముందు చూడు తమ్మీ. లేనప్పుడే అయితే ఈసినోఫిల్స్‌ను తగ్గించే ఇంజక్షన్‌తోని నాయనకు లాభం ఉండదు, పైసలు దండుగ. పొగ తాగేటోళ్లల్ల, బరువు ఎక్కువున్నోళ్లల్ల న్యూట్రోఫిల్స్ అనే వేరే కణాల జోరు ఉండే రకం కనబడ్తది, దానికి స్టెరాయిడ్ అంతగా పనిచెయ్యదు, పైగా బీడీ పొగ స్టెరాయిడ్ బలాన్ని ఇంకా తగ్గిస్తది. అసలు అది ఆస్తమానా, సీఓపీడీనా (ఎక్కువగ పొగతోని ఊపిరితిత్తులు దెబ్బతినే రోగం) అనేది కూడా తేల్చుకోవాలె, దానికి మందు పీల్చకముందు, పీల్చినంక రెండుసార్లు స్పైరోమెట్రీ అనే ఊపిరి ఊదే పరీక్ష చెయ్యాలె, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి పెద్ద దవాఖానకు తీస్కపో. తెమడ పరీక్ష చేసి టీబీ లేదని కూడా చూసుకోవాలె. ఇట్లాంటోళ్లకు గొట్టాలను తెరిచే టియోట్రోపియం పంపు, కొందరికి ఈసీజీ చూసినంక వారానికి మూడు రోజులు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తరు, ఏది సరిపోతదో డాక్టర్ చెప్తడు. బీడీ మాత్రం ఇయ్యాల్నే బంద్ చేపియ్యి. స్టెరాయిడ్ గోళీలు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, చానా రోజుల సంది మింగుతున్న మనిషి కాబట్టి డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగనే తగ్గించాలె.