నాన్నగారి కారు రేసుకు వెళ్తే

దక్షిణ ఇంగ్లండులో చిచెస్టర్ పట్టణం పక్కన గుడ్‌వుడ్ అనే రేసు ట్రాక్ ఉంది. అక్కడ ఏటా సెప్టెంబరులో జరిగే పాత కార్ల పందేల గురించి గత నెల ఈ శీర్షికలో రాశాను. ఖరీదైన స్పోర్ట్స్ కార్లను రెండు మాటల్లో ముగించి, మిగతా పేజీ అంతా ఇంటిల్లిపాదీ ఎక్కే మామూలు సెలూన్ కార్లకే ఇచ్చాను. ఉత్తరాలు బాగా వచ్చాయి. అన్నింటికీ చోటు లేదు కాబట్టి ఐదింటికి జవాబు చెబుతున్నాను.

లెస్టర్ నుంచి ఒక పాఠకుడు: "గుడ్‌వుడ్‌లో సెలూన్ కార్లకు జరిగే, మీరు రాసిన సెయింట్ మేరీస్ ట్రోఫీ పందెం మావాడితో కలిసి చూశాను. అగ్గిపెట్టెంత మినీ పెద్ద జాగ్వార్‌ను వదలకుండా తరిమింది. జాగ్వార్ ఇంజనులో మూడో వంతే ఉన్న బండికి అది ఎలా సాధ్యం?"

బరువు వల్ల. జాగ్వార్ మార్క్ 2లో 3.8 లీటర్ల ఇంజను, 220 హార్స్ పవర్. కానీ ఆ బండి ఒకటిన్నర టన్నులు తూగుతుంది. మినీ కూపర్ ఎస్ ఇంజను 1275 సీసీ, బరువు జాగ్వార్‌లో సగం కూడా ఉండదు. గుడ్‌వుడ్‌లో లావాంట్ అనే తిన్నటి దారి వస్తుంది. అక్కడ జాగ్వార్ వెళ్లిపోతుంది, మినీ ఏమీ చేయలేదు. మలుపు రాగానే కథ మారుతుంది. ఒకటిన్నర టన్నులను ఆపాలంటే బ్రేకు ముందే తొక్కాలి. మినీ డ్రైవరు ఇంకాస్త దూరం పోయి తొక్కుతాడు, కొన్ని మలుపుల్లో తొక్కనే తొక్కడు. పైగా అందరూ ఆనాటి తరహా సన్నటి టైర్లే వాడాలి. సగం పందెం అయ్యేసరికి బరువైన బండి టైర్లు, బ్రేకులు కాగిపోతాయి. వాన పడితే ఇక చెప్పక్కర్లేదు.

మినీ అసలు పందెం కోసం పుట్టిన బండి కాదు. 1956లో సూయజ్ గొడవతో ఇంగ్లండులో పెట్రోలుకు కటకట వచ్చింది. తక్కువ తాగే బుల్లి కారు కావాలన్నారు. దాన్ని గీసిన డిజైనర్ అలెక్ ఇసిగోనిస్ పది అడుగుల బండిలో నలుగురిని కూర్చోబెట్టాల్సి వచ్చింది. అందుకని ఇంజనును అడ్డంగా పెట్టాడు, గేర్ బాక్సును దాని కిందకు నెట్టాడు, రెండింటికీ ఒకే ఆయిల్. పది అంగుళాల చక్రాలను నాలుగు మూలలకూ తోసేశాడు. స్ప్రింగులకు బదులు రబ్బరు ముద్దలు. చోటు ఆదా చేయడానికి వేసిన ఈ ఎత్తులన్నీ మలుపు తిరగడానికి పనికొచ్చాయి. 1959లో బండి వచ్చింది. 1961లోనే జాన్ విట్‌మోర్ దానితో బ్రిటిష్ సెలూన్ కార్ చాంపియన్‌షిప్ గెలిచాడు.

ఈసారి వెళ్తే ముందున్న బండిని చూడకండి. మలుపు దగ్గర నిలబడి లోటస్ కార్టినా లోపలి వైపు ముందు చక్రం చూడండి. నేల వదిలి గాలిలో తిరుగుతూ ఉంటుంది. మిగిలిన మూడింటి మీదే డ్రైవరు బండిని జారనిస్తూ, స్టీరింగును ఎదురు తిప్పుతూ పట్టుకుంటాడు. 1964లో జిమ్ క్లార్క్ చాంపియన్ అయింది ఆ కారుతోనే. అప్పటికే ఆయన ఫార్ములా వన్ ప్రపంచ విజేత. అంతటివాడు వారాంతంలో సెలూన్ కారు ఎక్కేవాడు. నాకు ఆయన మీద ఉన్న గౌరవంలో సగం దానికే.

విజయవాడ నుంచి ఒక పాఠకుడు: "మా తాతగారు 1964లో కొన్న అంబాసిడర్ ఇప్పటికీ నడుస్తోంది. అది మూలంలో ఇంగ్లీషు కారే కదా. దాన్ని కూడా పందేనికి సిద్ధం చేయించవచ్చా?"

మూలంలో అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో అంబాసిడర్‌గా 2014 దాకా తయారైంది. మీ బండి బానెట్ కింద ఉన్నది 1489 సీసీ బి సిరీస్ ఇంజను. దాని చుట్టాల గురించి చెబితే మీకు ఆనందంగా ఉంటుంది. ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఆ ఇంజనుతోనే మొదలైంది. రైలీ వన్ పాయింట్ ఫైవ్ అనే సెలూన్‌లోనూ అదే, కాకపోతే పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్లు రెండు.

ఆ రైలీ చరిత్రకెక్కిన తీరు వినండి. 1958లో బ్రిటన్‌లో సెలూన్ కార్లకు మొదటిసారి చాంపియన్‌షిప్ పెట్టారు. ఆస్టిన్ ఎ105 తోలిన జాక్ సియర్స్, జాగ్వార్ 3.4 తోలిన టామీ సాప్‌విత్ చివరికి సరిసమానమైన పాయింట్లతో నిలిచారు. బొమ్మా బొరుసా వేసి తేల్చుదామంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. అప్పుడు బ్రాండ్స్ హాచ్ ట్రాక్‌కు ఒకేలాంటి రెండు రైలీలు తెచ్చారు. ఇద్దరూ ట్రాక్ చుట్టూ ఐదు ల్యాపులు తోలారు, కార్లు మార్చుకుని మరో ఐదు. మొత్తం మీద 1.6 సెకన్ల తేడాతో సియర్స్ గెలిచాడు. ఆ మొదటి కిరీటాన్ని తేల్చింది మీ తాతగారి బండిలో ఉన్న ఇంజను జాతే.

మన వైపు కూడా ఈ పిచ్చి తక్కువేం కాదు. నేను సూళ్లూరుపేటలో పెరిగాను. మా నాన్న లారీ షెడ్డులో డెంటింగ్ పని చేసేవారు. మద్రాసు ట్రంకు రోడ్డు మీద బస్సెక్కించి నన్ను షోలవరం తీసుకువెళ్లారు. యుద్ధకాలంలో విమానాలకు వేసిన పాత రన్‌వే మీద రేసులు. రోజూ మా వీధిలో తిరిగే ఫియట్, హెరాల్డ్ కార్లు అక్కడ ఒంటి మీద అంకెలు వేసుకుని గర్జిస్తుంటే నాకు నోట మాట రాలేదు. అలాంటి బండి అలా కూడా పోగలదని తెలిసిన రోజు అది. 1990లో పందేలు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు మారాయి.

ఇక మీ ప్రశ్న. వద్దండీ. పందేనికి కట్టాలంటే లోపల ఇనుప గొట్టాల పంజరం బిగించాలి, వెనక సీటు పీకేయాలి, తలుపుల అట్టలు తీసేయాలి. మీ నానమ్మగారు కూర్చున్న సీటు అది. ఆ బండిని వారం వారం రోడ్డు మీద నడపండి, పాత కార్ల యాత్రలకు తీసుకువెళ్లండి. పందెం మీద మోజు తీరకపోతే, ఎక్కడో చెట్టు కింద తుప్పు పడుతున్న అంబాసిడర్ గుల్లను వెతికి దాన్ని పందేనికి సిద్ధం చేయించండి.

హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని: "అరవై ఏళ్ల నాటి కార్లను గుద్దుకునేలా తోలడం నాకు బాధగా ఉంది. ఇవి మ్యూజియంలో ఉండాల్సినవి కావా?"

అమ్మా, నీ బాధ నాకు అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో వేసిన రంగు చెక్కుచెదరకుండా మిగిలిన బండి ఉంటే నేనూ దాన్ని ట్రాక్ మీదకు రానివ్వను. అవి చాలా కొద్ది. మిగతావాటి సంగతి నా బండి నుంచి చెబుతాను.

ఇంగ్లండులో, కావెంట్రీలో పనిముట్ల తయారీ షాపులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో ఒక రైతు కొట్టంలో 1957 నాటి ఆస్టిన్ ఎ35 దొరికింది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెట్టేవి. నేల రేకు మీద వేలు పెడితే అవతలికి దిగింది. తుక్కు బరువుకు అమ్మడానికి రైతు సిద్ధంగా ఉన్నాడు. అది ఏ మ్యూజియం కోరుకునే బండి కాదు. 948 సీసీ, 34 హార్స్ పవర్, వెనక చక్రాల బ్రేకులకు ఇనుప కడ్డీలు. టీచర్లు, నర్సులు కొనుక్కున్న కారు. ఇవాళ అది నడుస్తోందంటే పందెం ఉంది కాబట్టే. పందెంలో తోలేవాళ్లు యాక్సిళ్లు విరగ్గొడతారు, కాబట్టి కొత్త యాక్సిళ్లు చేసేవాడు బతుకుతాడు. రేకులు నలుగుతాయి, కాబట్టి రెక్కలు, అంటే చక్రాల మీది రేకులు, వంచే పనివాడు శిష్యుణ్ణి పెట్టుకుంటాడు. ఆనాటి అచ్చుతో టైర్లు ఇంకా పోస్తున్నారంటే అరిగించేవాళ్లు ఉన్నారు కాబట్టే. అద్దాల గదిలో పెట్టిన బండి విడిభాగం అడగదు. అడగని విడిభాగాన్ని ఎవరూ చేయరు.

ఒక పందెంలో వెనక బండి తగిలి నా ఎడమ ముందు రెక్క దీపం దాకా ముడుచుకుపోయింది. ఆ రాత్రి దాన్ని విప్పి బల్ల మీద వేశాను. మా నాన్న సుత్తి నా దగ్గరే ఉంది. చింతకర్ర పిడి, ఆయన బొటనవేలు ఆనే చోట నున్నగా పల్లం పడింది. లోపల ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి అంచు నుంచి మధ్యకు చిన్నచిన్న దెబ్బలు వేయాలి. మధ్యలో మొదలుపెడితే రేకు సాగిపోయి డప్పులా మోగుతుంది. కంటికి కనిపించని గుంత అరచేతికి తెలుస్తుంది, అందుకే ప్రతి పది దెబ్బలకు ఒకసారి కళ్లు మూసుకుని చేత్తో తడమాలి. రెండు రాత్రులు పట్టింది. ఆ రెక్క ఇప్పటికీ బండి మీదే ఉంది. ఆ పని రాత్రుల్లో నాకు ఆ బండి ఎంత తెలిసిందో, నువ్వు చెప్పే అద్దాల గది ముందు వంద గంటలు నిలబడినా తెలిసేది కాదు.

వుల్వర్‌హాంప్టన్ నుంచి ఒక డాక్టరు: "నాకు 41 ఏళ్లు. మా పక్కింటివారి మినీ ఎక్కినప్పటి నుంచి రేసు చేయాలని మనసు లాగుతోంది. ఆడవాళ్లకు, అందులోనూ ఈ వయసులో, ఇది కుదిరే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

కుదురుతుందమ్మా. 1960ల మొదట్లో క్రిస్టబెల్ కార్లైల్ అనే పియానో టీచరు మినీ ఎక్కి నాటి ఉద్దండులతో చక్రానికి చక్రం కలిపి తోలింది. 1962లో పాట్ మాస్ మినీ కూపర్‌తో టులిప్ ర్యాలీ గెలిచింది. ఈ బండ్లలో బలం కంటే ఓపిక, లెక్క ముఖ్యం. ఆ రెండూ మీ వృత్తిలో ఎలాగూ ఉంటాయి.

కారు మాత్రం ముందు కొనవద్దు. మొదటి ఏడాది మార్షల్‌గా చేరండి. వాళ్లు నారింజ దుస్తుల్లో మలుపుల దగ్గర జెండాలతో నిలబడే స్వచ్ఛంద సేవకులు, జీతం ఉండదు. శిక్షణ ఇస్తారు. మీ వంటి డాక్టర్లంటే నెత్తిన పెట్టుకుంటారు. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, నీలం అంటే వెనక వేగమైన బండి వస్తోంది, పసుపు మీద ఎర్ర చారలైతే దారి జారుతోంది. ఇవి పుస్తకంలో చదవడం వేరు, వానలో ఆరు గంటలు నిలబడి ఊపడం వేరు. ఒకే మలుపులో ముప్ఫై మంది ఎక్కడెక్కడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తున్నారో ఇంజను శబ్దంతోనే పట్టేయడం వస్తుంది. నేను నాలుగేళ్లు జెండా పట్టాకే స్టీరింగు పట్టాను.

ఆ తర్వాత లైసెన్సు. డాక్టరు పరీక్ష, జెండాల మీద రాత పరీక్ష, శిక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకుని ట్రాక్ మీద డ్రైవింగ్. కొత్తవాళ్ల కారు వెనక పసుపు మీద నల్ల ఇంటూ గుర్తు అంటించాలి. దాన్ని చూసి పాతకాపులు కొంచెం ఎడం ఇస్తారు. బండి కొనేటప్పుడు పందేనికి సగమే సిద్ధమైనదాన్ని కొనకండి. కొద్దిగా ఎక్కువైనా ఇప్పటికే పందెంలో తిరుగుతున్న బండినే, దాని కాగితాలతో సహా తీసుకోండి. హెల్మెట్, మంటలకు తాళే దుస్తుల దగ్గర బేరం వద్దు.

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు: "మా స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజను టకటకమంటోంది. మెకానిక్ ఇంజను దించాలంటున్నాడు."

దించనివ్వకండి, ముందు ట్యాపెట్లు, అంటే వాల్వులకూ వాటిని నొక్కే మీటలకూ మధ్య సందు, చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పై మూత విప్పితే వరసగా ఎనిమిది వాల్వులు కనిపిస్తాయి. ముందు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. ఎనిమిదోది పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు ఒకటోదాని సందు సరిచేయాలి. ఏడోది నొక్కుకుంటే రెండోది, ఆరోదానికి మూడోది, ఐదోదానికి నాలుగోది. తర్వాత అదే తిరగేసి. కూడితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. హెరాల్డ్‌కు సందు అంగుళంలో వెయ్యో వంతులు పది, నా ఆస్టిన్‌కు పన్నెండు. సందు కొలిచే పలుచని ఫీలర్ గేజ్ రేకు రెండు తడి కాగితాల మధ్య నుంచి లాగినట్టు కాస్త పట్టుకుంటూ రావాలి. లూజుగా జారినా తప్పే, బిగుసుకున్నా తప్పే. మూత పెట్టేటప్పుడు కొత్త కార్కు గాస్కెట్ వేయండి, పాతది మళ్లీ వేస్తే ఆయిల్ కారుతుంది. అప్పటికీ శబ్దం తగ్గకపోతే మళ్లీ రాయండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఎక్కువో, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువో ఆ ఉత్తరంలో తప్పకుండా చెప్పండి.