‘బాడీ అండ్ సోల్’ ఒక్క పాటతో మొదలుపెట్టండి

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ‘స్టాండర్డ్స్’ అనే పాత అమెరికన్ పాటలను జాజ్ వాళ్లు, పాప్ వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎందుకు మళ్ళీ మళ్ళీ రికార్డు చేస్తారు? కొత్తగా వినేవాళ్లు ఏ గాయకుడితో మొదలుపెట్టాలి? రెండోదానికి నా జవాబు ఏమిటంటే, గాయకుణ్ణి పట్టుకోకండి, పాటను పట్టుకోండి. ఒక్క పాటను నెల రోజులపాటు ఆరేడుగురి దగ్గర వినండి. నాకు ఈ సంగీతం అలాగే అందింది.

చిన్నప్పుడు విజయవాడలో పదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. పెళ్లయి న్యూజెర్సీ వచ్చాక వయొలిన్ పెట్టెలోనే ఉండిపోయింది. 2012 చలికాలంలో ఒకరోజు కారు రేడియోలో అమెరికన్ గాయకుడు టోనీ బెన్నెట్, ఇంగ్లండ్ గాయని అమీ వైన్‌హౌస్ కలిసి పాడిన ‘బాడీ అండ్ సోల్’ వచ్చింది. ఆ పాటకు అప్పుడే గ్రామీ ఇచ్చారు. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో 2011 మార్చిలో రికార్డు చేశారు. అప్పటికి ఆయనకు 84 ఏళ్లు, ఆమెకు 27. అదే ఏడాది జూలైలో ఆమె చనిపోయింది. స్టూడియోలో ఆమె పాడిన ఆఖరి పాట అదే. ఇవేవీ తెలియకుండానే విన్నాను, ఇల్లు వచ్చినా కారు దిగబుద్ధి కాలేదు.

మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో సీడీలు కూడా ఇచ్చేవారు. ఇదే పాటను సాక్సొఫోన్ మీద వాయించిన కోల్‌మన్ హాకిన్స్ సీడీ దొరికితే తెచ్చుకున్నాను. మొదట కాస్త పియానో, తర్వాత సాక్సొఫోన్. మొదటి వరుస నేను విన్న పాటలాగే ఉంది. ఆ తర్వాత ట్యూన్ ఎటో వెళ్లిపోయింది. మూడు నిమిషాలు గడిచాయి, రికార్డు అయిపోయింది, పాట మాత్రం తిరిగి రాలేదు. పేరు తప్పు వేశారనుకుని సీడీని వెనక్కి పట్టుకెళ్లి కౌంటర్‌లో చెప్పాను. అక్కడ పనిచేసే పెద్దాయన పేరు సరైనదేనన్నారు. “మీకు తెలిసిన పాట మీరు లోపల పాడుకుంటూ ఉండండి, ఆయన వాయించేది దాని మీద వినండి” అని చెప్పారు.

ఇంటికొచ్చి ఎనిమిది దెబ్బల ఆది తాళం వేస్తూ కూర్చున్నాను. అప్పుడు దొరికింది. పాట మొత్తం పదహారు ఆవర్తనాలు, అంటే పదహారు తాళం చుట్లు. నాలుగు ఆవర్తనాలకు ఒక ముక్క, అదే ట్యూన్‌తో ఇంకో నాలుగు, మధ్యలో వేరే ట్యూన్ నాలుగు, చివర మళ్ళీ మొదటిదే నాలుగు. వాళ్ల లెక్కలో నాలుగు దెబ్బలకొక బార్ చొప్పున ముప్ఫై రెండు బార్‌లు. ఆ కాలపు పాటలు చాలావరకు ఈ కొలతలోనే ఉంటాయి. హాకిన్స్ ఆ పదహారు ఆవర్తనాలనూ రెండుసార్లు చుట్టి వస్తాడు. ఎంత దూరం వెళ్లినా ఆవర్తనం తప్పడు, కింద పియానో పట్టే కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) వరస కూడా మారదు. మన మనోధర్మంలో, అంటే అప్పటికప్పుడు అల్లి పాడడంలో, రాగం కట్టుబాటు. వాళ్లకు కట్టుబాటు ఆ కార్డ్‌ల వరస. ట్యూన్ వినేవాళ్ల మనసులో ఉంటే చాలు.

ఇక ఆ మధ్య ముక్క. దాని గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ పాట మీద ఇంతమంది వాద్యకారులు ఎగబడడానికి అది పెద్ద కారణమని నా నమ్మకం. హాకిన్స్ వాయించింది మన లెక్కలో ఒకటిన్నర శ్రుతి (పాటకు ఆధారంగా పట్టే స్థాయి). తొమ్మిదో ఆవర్తనం దగ్గరకు రాగానే పాట మొత్తం రెండు శ్రుతికి ఎక్కుతుంది. అక్కడ రెండు ఆవర్తనాలున్నాక ఒకటి శ్రుతికి దిగుతుంది. చివర్లో అరమెట్టు చొప్పున, అంటే పక్కపక్క స్వరాల మీదుగా, జారుతూ మళ్ళీ ఒకటిన్నరకు చేరుతుంది. కచేరీ మధ్యలో తంబూరా శ్రుతి మార్చడం మనకు ఊహకు కూడా రాదు. నాకు మొదటిసారి ఒళ్లు ఝల్లుమంది. ఈ ట్యూన్ కట్టిన జానీ గ్రీన్‌కు 1930లో ఇంకా ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఎందుకు ఇంతమంది? ఒక కారణం చట్టం. అమెరికాలో 1909 కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాట ఒకసారి రికార్డయి బయటికొస్తే చాలు, తర్వాత ఎవరైనా కాపీకి రెండు సెంట్లు కట్టి దాన్ని రికార్డు చేసుకునే వీలుండేది. పాట రాసినవాళ్లకూ, నొటేషన్ కాగితాలు అచ్చువేసి అమ్మే పబ్లిషర్లకూ ఎంతమంది పాడితే అంత లాభం. ‘బాడీ అండ్ సోల్’ వచ్చిన 1930లోనే జాజ్ గాయకుడు, ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా రికార్డు చేశాడు. ఇది ఫలానావాళ్ల పాట అని గిరి గీసుకోవడం అక్కడ లేదు.

మనకు సినిమా పాట అంటే ఒక గొంతు. ఘంటసాల గారి పాట ఇంకొకరు పాడితే ఆయనలా పాడారా లేదా అని చూస్తాం. ఆ చెవితో స్టాండర్డ్స్ వింటే ప్రతిదీ నకలులా అనిపిస్తుంది. త్యాగరాజ కీర్తన వినే చెవితో వినండి. ఎవరు పాడినా కీర్తన త్యాగయ్యదే, సంగతులు (ఒకే వరుసను మార్చి మార్చి పాడే తీర్లు) పాడేవాళ్లవి.

హాకిన్స్ 1939 అక్టోబరులో న్యూయార్క్‌లో ఇది వాయించాడు, యూరప్‌లో అయిదేళ్లు ఉండి తిరిగొచ్చిన ఏడాదే. ఆయన అప్పటికప్పుడు అల్లుకున్నది జనానికి ఎంతగా పట్టిందంటే, తర్వాత ఎడ్డీ జెఫర్సన్ అనే గాయకుడు ఆ అల్లికకే మాటలు రాశాడు. 1979లో మాన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్ అనే పాప్ బృందం వాళ్లిద్దరినీ తలుచుకుంటూ దాన్ని పాడింది. ఒకరు అప్పటికప్పుడు అల్లిన కల్పన స్వరాలను తర్వాతివాళ్లు చిట్టస్వరంగా, అంటే ముందే కట్టిపెట్టిన స్వరాలుగా, నేర్చుకుని, సాహిత్యం కూడా కట్టుకున్నట్టు అనుకోండి.

జాజ్ గాయని బిల్లీ హాలిడే దగ్గరకు వస్తే రెండు రికార్డింగులూ వినాలి. ఒకటి 1940 నాటిది, ఆమెకు 24 ఏళ్లు. రెండోది 1957 నాటిది, 41 ఏళ్లు. మొదటిదాంట్లో గొంతు తేలిక, మాట తాళం లెక్క దాటాక వచ్చి పడుతుంది, మన కచేరీల్లో తాళం పడ్డాక ఎత్తుకునే అనాగతం ఎత్తుగడలాగా. రెండోదాంట్లో గొంతు పెళుసెక్కింది, పైస్థాయి దాదాపు పోయింది. అయినా నేను ఎక్కువగా వినేది రెండోదే. అందులో ప్రతి మాటా ఆమె ఎవరికో నేరుగా చెప్తున్నట్టుంటుంది. రెండేళ్లకే ఆమె పోయింది.

సాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1960 అక్టోబరులో వాయించినదాంట్లో బేస్ అనే మంద్రస్థాయి తీగవాద్యం చాలాసేపు ఒకే స్వరం మీద నిలబడుతుంది. నాకు తంబూరా గుర్తొచ్చింది. ఆయన రవిశంకర్ గారి సంగీతం ఎంతో ఇష్టంగా విన్నవాడు, 1965లో పుట్టిన కొడుక్కు రవి అని పేరు పెట్టుకున్నాడు.

ఇవన్నీ విన్నాక బెన్నెట్, అమీ వైన్‌హౌస్‌ల పాటకు తిరిగి రండి. ఆ రికార్డింగు వీడియో కూడా ఉంది. తను పాడింది తనకే నచ్చక ఆమె ఆగిపోతుంటే, ఆయన తొందరపెట్టకుండా పక్కనే నిలబడతాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు రెండు గొంతులే వినపడ్డాయి. తిరిగి విన్నప్పుడు, ఆమె మాటను సాగదీసే చోట బిల్లీ తెలిసింది.

పాప్ వాళ్ల పూర్తి ఆల్బమ్ కావాలంటే విల్లీ నెల్సన్ 1978లో చేసిన ‘స్టార్‌డస్ట్’ వినండి. పల్లెపాటల గొంతుతో, ఏ ఆర్భాటమూ లేకుండా పాడాడు. లిండా రాన్‌స్టాట్ 1983లో నెల్సన్ రిడిల్ ఆర్కెస్ట్రాతో చేసిన ‘వాట్స్ న్యూ’ కూడా బాగుంటుంది, కానీ వయొలిన్ల బరువు నాకు కొంచెం ఎక్కువనిపించింది. రవిశంకర్ గారి అమ్మాయి నోరా జోన్స్ 2002 నాటి తన మొదటి ఆల్బమ్‌ను ‘ద నియర్‌నెస్ ఆఫ్ యూ’ అనే పాత పాటతో ముగించింది. దాదాపు పియానో, గొంతు అంతే. మొదట వినడానికి సులువు.

ఒక జాగ్రత్త చెప్తాను. యాప్‌లలో కనిపించే సంవత్సరం తరచుగా మళ్ళీ విడుదల చేసిన సంవత్సరం. పైగా ఒకే మనిషి అదే పాటను పదేళ్లకోసారి రికార్డు చేసి ఉంటారు. హాకిన్స్‌వే చాలా ఉన్నాయి. నిడివి చూడండి, 1939 నాటిది మూడు నిమిషాలు. అప్పటి రికార్డు ఒక వైపున పట్టేది అంతే.

ఈ మధ్య వయొలిన్ బయటికి తీశాను. ఒకటి శ్రుతి నుంచి ఒకటిన్నరకు చేరే ఆ అరమెట్ల జారుడు నా చేతికి ఇంకా పూర్తిగా రాలేదు. ప్రస్తుతం ఆ ఒక్క చోటే, 1957లో బిల్లీ ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుందో వింటూ సాధన చేస్తున్నాను.