భోషాణాన్ని కొత్తదానిలా చేయించకు

కర్నూలు

చిన్నా,

నువ్వు పంపిన మన పాత చెక్కపెట్టె, అదే భోషాణం ఫోటోలు పెద్దవి చేసుకుని రెండు మూడు సార్లు చూశాను. ముందు కాలు ఒకటి అడుగున మెత్తబడింది, మూత మీద చీలిక వచ్చింది, కుడివైపు ఇత్తడి పట్టీ ఊడి వేలాడుతోంది. ఈ మూడింటికీ కలిపి బెంగళూరు షాపువాళ్లు పైనంతా గీకి పీయూ (పాలియురెథేన్) పాలిష్, అంటే ప్లాస్టిక్ పొరలాంటిది, కొడతామన్నారని రాశావు. ఆ పని మాత్రం చేయించకు. ఆ పొరపాటు ఒకసారి నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు పాత ఇంట్లో సామానంతా మునిగిపోయింది. నీళ్లు తగ్గాక బురద కడిగి, తొందరగా ఆరాలని బీరువా తలుపులు మిద్దె మీద ఎండలో పెట్టాను. మూడు రోజులకే అవి వంగిపోయాయి. తడిసిన చెక్కను నీడలో, గాలి ఆడేచోట, వారాల తరబడి నిదానంగా ఆరబెట్టాలని అప్పటికి నాకు తెలియదు. మీ జేజినాయన పడక కుర్చీని వడ్రంగికిస్తే మిషన్‌తో గీకేసి, తళతళలాడే వార్నిష్ వేసి తెచ్చాడు. చేతులు ఆనే చోట ఆయన అరచేతులు రాసుకుని రాసుకుని నున్నగా నల్లబడిన మచ్చలుండేవి. అవి పోయాయి. కుర్చీ ఇప్పటికీ గట్టిగానే ఉంది, కానీ దాన్ని చూస్తే నాకు మా నాయన గుర్తుకు రాడు.

అందుకే భోషాణంలో ఏది విరిగిందో, ఏది వాడి వాడి అరిగిందో ముందు విడదీసి చూడు. విరిగినవి మాత్రమే బాగు చేయాలి. మూత ముందంచున మధ్యలో చిన్న పల్లం ఉంటుంది, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. మా అమ్మ రోజూ మూత ఎత్తిన చోటది. దాని జోలికి ఎవరినీ పోనివ్వకు. మూత లోపల బొగ్గుతో నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అలా వరసగా ఉంటాయి. శనక్కాయల బస్తాల లెక్క అది. లోపలి వైపు పాలిష్ అసలు వద్దు, పొడి బట్టతో దుమ్ము తుడిస్తే చాలు.

కాలు ఎందుకు పుచ్చిందంటే, మన ఇంట్లో నేలకు పరిచిన బేతంచెర్ల బండల మీద రోజూ నీళ్లు పోసి కడిగేవాళ్లం, ఆ తడి అంతా కాలి అడుగు పీల్చుకుంది. కాలు మొత్తం మార్చాల్సిన పని లేదు. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చుకుంటూ పైకి పో, ఎక్కడ గట్టిగా తగిలితే అక్కడ చేవ ఉన్నట్టు. ఆ పైనుంచి ఏటవాలుగా కోయించి, పాత టేకు ముక్కను, గీతలు అదే వైపు పోయేలా చూసి అతికించాలి. ఏటవాలు ఎందుకంటే బంక పట్టే చోటు పెరుగుతుంది. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాల టేకు అయితే రంగు కూడా కలుస్తుంది. కాళ్ల కింద చిన్న బండముక్కలు పెడితే మళ్లీ తడి ఎక్కదు. పుచ్చిన చోట పిండిలాంటి పొడి రాలుతూ ఉంటే అది పురుగు, ముందు దానికి మందు కొట్టించాకే అతుకు.

పాత బంక సంగతి మరచిపోవద్దు. ఆ కాలం వడ్రంగులు పశువుల తోలుతో కాచిన బంక వాడేవాళ్లు, దాన్ని వజ్రం అంటారు. ఊడిన అతుకులో పాత వజ్రం ఉండగానే పైన ఫెవికాల్ రాస్తే సరిగా పట్టదు. వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో మెత్తబరిచి గీకి తీసేయాలి, బాగా ఆరాకే కొత్తది రాయాలి.

మూత చీలిక విషయంలో మాత్రం తొందరపడకు. దాంట్లో లప్పం పూయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మన ఎండలకు చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది, లప్పం మాత్రం అలాగే ఉండి ఊడి వస్తుంది. మూత అడుగున ఎవరో ఇనుప మేకులతో అడ్డచెక్క బిగించినట్టున్నారు ఫోటోలో, చెక్కను కదలనివ్వక అక్కడే చీలింది. ముందు ఆ మేకులు తీయించు. తర్వాత సన్నటి టేకు పుల్లను చీలికకు సరిపడా చెక్కించి, ఒక అంచుకే బంక రాసి దింపించు, రెండో అంచు ఆడుతూ ఉండనీ. నడివేసవిలో, చీలిక బాగా తెరుచుకున్నప్పుడు నింపితే వానలకు పక్కన ఇంకోచోట పగులుతుంది. వానలు తగ్గాక చేయించు.

ఇత్తడి పట్టీని పూర్తిగా ఊడదీసి, విడిగా చింతపండుతో తోమి, కడిగి, ఆరబెట్టి బిగించు. చెక్క మీద ఉండగా తోమితే పులుసు చెక్కలోకి దిగి మరక పడుతుంది. పట్టీకున్న పాత మేకులు దాచి, అవే కొట్టించు.

పాలిష్‌కు ముందు చిన్న పరీక్ష ఉంది. దూదికి కాస్త స్పిరిట్ అద్ది వెనకవైపు కింద మూల రుద్దు. జిగటగా కరిగితే అది లక్క పాలిష్. అదే అయి ఉంటుందని నా నమ్మకం. అదైతే గీకాల్సిన అవసరమే లేదు. కొత్త లక్క పాత లక్కను కరిగించి దాంట్లోనే కలిసిపోతుంది, గ్లాసులు పెట్టిన తెల్ల వలయాలు కూడా చాలావరకు అందులోనే పోతాయి. పీయూకి ఆ గుణం లేదు. ఒకసారి వేశాక అది దెబ్బతింటే మళ్లీ గీకడమే గతి. లీటరు స్పిరిట్‌లో 120 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి వడకట్టు. దూది ఉండను పాత నూలు గుడ్డలో చుట్టి, పలుచగా, ఎక్కడా ఆగకుండా లాగు. ఒక పూత ఆరాకే ఇంకోటి. ముసురు పట్టిన రోజు వేస్తే పాలిష్ తెల్లబారుతుంది. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, స్పిరిట్ భగ్గుమంటుంది. నాలుగైదు పూతలకు ఆపేయ్, అద్దంలా మెరవాలని చూడకు.

దసరాకు వస్తావు కదా, స్పిరిట్, లక్క అక్కడ కొనుక్కొని రా. నా పాత చీర ఒకటి మెత్తటిది తీసిపెట్టాను. అతుకుకు టేకు ముక్క మన పాత ద్వారబంధంలోదే ఉంది, వడ్రంగితో కూడా మాట్లాడి ఉంచుతా. భోషాణాన్ని బెంగళూరు లారీ ఎక్కించొద్దు, నేను చూస్తుండగా ఇక్కడే చేయిద్దాం.

మీ అత్త