ఆల్బమ్ నిండా 62 లోకల్ స్టాంపులా, సర్టిఫికెట్ ఉన్న నాలుగు కవర్లా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. నా వయసు 41, ఇద్దరు పిల్లలు. 401(కె) రిటైర్మెంట్ ఖాతా కాకుండా బ్యాంకులో 60,000 డాలర్లున్నాయి. ఇంటి ఖర్చు నెలకు 7,000. స్టాంపుల సరదా చిన్నప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు 1840-60ల నాటి అమెరికా లోకల్ (ప్రైవేటు తపాలా సంస్థలు వేసినవి), క్యారియర్ (ఉత్తరాన్ని ఇంటికీ పోస్టాఫీసుకీ మధ్య మోసినందుకు రుసుముగా వాడినవి) స్టాంపుల మీద మనసు పడింది. ఒక డీలర్ పాత ఆల్బమ్‌లోని 62 రకాల లోకల్ స్టాంపులను 9,000 డాలర్లకు ఇస్తానంటున్నాడు. కేటలాగ్ విలువ 30,000 అట. దీనితో కలిపి మొత్తం 25,000 వీటిలో పెట్టొచ్చా? ఐఆర్‌ఏ (వ్యక్తిగత రిటైర్మెంట్ ఖాతా) ద్వారా కొనొచ్చా? ఐదారేళ్లలో హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటున్నాం.

జవాబు: ముందుగా ఆ ఆల్బమ్ సంగతి. అది కొనకండి. 9,000 కాదు, 900కి ఇచ్చినా, అసలువేనని నిపుణులు ఇచ్చే సర్టిఫికెట్లు లేకుండా వద్దు.

1842 ఫిబ్రవరి 1న న్యూయార్క్‌లో అలెగ్జాండర్ గ్రెగ్ నడిపిన సిటీ డిస్పాచ్ పోస్ట్, వాషింగ్టన్ బొమ్మతో 3 సెంట్ల స్టాంపు తెచ్చింది. అమెరికాలో జిగురు స్టాంపు అదే మొదటిది. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో బ్లడ్స్, న్యూయార్క్‌లో బాయిడ్స్, హస్సీస్ వంటి ప్రైవేటు తపాలా సంస్థలు ఎన్నో వచ్చాయి. చాలావాటి స్టాంపులు కొద్దిగానే అచ్చయ్యాయి. 1860లలో స్టాంపుల సేకరణ మోజు మొదలయ్యేసరికి అసలువి చాలక నకళ్లు తయారయ్యాయి. బోస్టన్‌లో ఎస్. అలన్ టేలర్, న్యూయార్క్‌లో జె. డబ్ల్యు. స్కాట్ ఈ పనిలో పేరుపడ్డవాళ్లు. సొంతంగా తపాలా సంస్థ నడిపిన జార్జ్ హస్సీ కూడా రీప్రింట్లు, అనుకరణలు వేయించి అమ్మాడు. ఒక్క ఉత్తరం కూడా మోయని, అసలు లేనేలేని సంస్థల పేరుతో పుట్టిన స్టాంపులు వీటికి అదనం. అందుకే రకానికొకటి చొప్పున నీటుగా అతికించిన పాత ఆల్బమ్ కనిపిస్తే, అందులో ఎక్కువభాగం ఆ కాలపు నకళ్లే అయ్యుంటాయి. అవీ నూటయాభై ఏళ్ల పాతవే కాబట్టి కాగితం చూసి నమ్మేస్తారు. డీలర్ చెప్పిన 30,000 అసలైన, లోపం లేని ప్రతులకు కేటలాగ్ వేసే అంకె. నకలుకి అది వర్తించదు.

ప్రభుత్వ క్యారియర్ స్టాంపుల్లోనూ ఇదే చిక్కు. 1851లో వచ్చిన ఫ్రాంక్లిన్, ఈగిల్ క్యారియర్లను 1876 ఫిలడెల్ఫియా శతాబ్ది ప్రదర్శన కోసం 1875లో ప్రభుత్వమే మళ్లీ అచ్చు వేసింది. అంచున చిల్లులుంటే అది రీప్రింటే, అనుమానం అక్కర్లేదు. చిల్లులు లేని రీప్రింట్లే మోసం చేస్తాయి. ఈగిల్ అసలు ప్రతి పసుపు ఛాయ కాగితం మీద, వెనక గోధుమరంగు జిగురుతో ఉంటుంది. రీప్రింట్‌కి గట్టి తెల్ల కాగితం, జిగురు ఉండదు. కానీ వాడిన స్టాంపుకి జిగురు ఎలాగూ పోతుంది, కాగితం రంగు కాలంతో మారుతుంది. ఇంట్లో భూతద్దంతో తేల్చే పని కాదిది.

మీ సరదా నిలబడాలన్నా, డబ్బు కొంతైనా నిలబడాలన్నా విడి స్టాంపుల కంటే కవర్లు, అంటే స్టాంపుతో సహా మిగిలిన ఆనాటి ఉత్తరాల కవర్లు, మేలని నా గట్టి అభిప్రాయం. స్టాంపు నిజంగా ఉత్తరం మోసిందనడానికి కవరే సాక్ష్యం. గ్రెగ్ స్టాంపునే చూడండి. 1842 ఆగస్టులో ప్రభుత్వం ఆ సంస్థను కొనేసి, మిగిలిన స్టాంపులను వాడేసింది. ప్రైవేటు రోజుల్లో వాటి మీద ‘ఫ్రీ’ అనే ముద్ర, ప్రభుత్వం చేతికొచ్చాక ‘యు.ఎస్.’ ముద్ర. స్టాంపు ఒకటే అయినా, అమెరికా స్టాంపులకు ప్రామాణికమైన స్కాట్ కేటలాగ్‌లో ఒకటి 40ఎల్1 నంబరు, ఇంకొకటి 6ఎల్‌బి1. ముద్ర లేకపోతే ఈ తేడా చెప్పేదేమీ ఉండదు.

కవరు చేతికొచ్చాక చూడాల్సినవి కొన్నున్నాయి. ముద్ర స్టాంపు మీద నుంచి కాగితం మీదికి తెగకుండా సాగిందా? తేదీ నాటికి ఆ సంస్థ నడుస్తోందా? రేటు సరిపోయిందా? 1851 జులై నుంచి ముందే చెల్లించిన మామూలు ఉత్తరానికి 3 సెంట్లు, దాన్ని పోస్టాఫీసుకి చేర్చినందుకు క్యారియర్‌కో లోకల్ సంస్థకో ఒక సెంటు అదనం అనే లెక్క తరచూ కనిపిస్తుంది. ఎక్కువగా జరిగే మోసం కూడా ఇక్కడే ఉంది. నిజమైన 3 సెంట్ల కవరు తీసుకుని, దాని మీద నిజమైనదే కానీ చవకైన లోకల్ స్టాంపు అతికిస్తారు. రెండూ విడివిడిగా అసలువే, కవరు మాత్రం దొంగది. కాబట్టి సర్టిఫికెట్‌లో ‘అసలైన స్టాంపు’ అని ఉంటే చాలదు, ‘ఈ కవరు మీదే వాడినది’ అని ఉండాలి. సర్టిఫికెట్ ఫొటోలో స్టాంపు నాలుగు అంచులనూ మీ చేతిలో ఉన్నదానితో పోల్చి చూడండి. చాలా పాత సర్టిఫికెట్ అయితే మళ్లీ చేయించండి, ఈ రంగంలో తెలివిడి బాగా పెరిగింది. న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్, పెన్సిల్వేనియాలోని అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీ ఈ పని చేస్తాయి. రుసుము స్టాంపు విలువను బట్టి ఉంటుంది. ఫలితం రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వేలంలో సర్టిఫికెట్ లేనిది కొనాలనుకుంటే వేలానికి ముందే ‘ఎక్స్‌టెన్షన్’ (నిపుణుల పరీక్షకు గడువు) అడిగి రాయించుకోవాలి. నకిలీ అని తేలితే వెనక్కివ్వడానికి అదే ఆధారం. వేలం అయ్యాక అడిగితే ఒప్పుకోరు.

ఇప్పుడు లెక్క. వేలంలో వెయ్యి డాలర్లకు పాడితే, కొనుగోలుదారు కమిషన్ 20 శాతం అనుకుందాం, మీ చేతి నుంచి 1,200 పోతుంది. సేల్స్ టాక్స్ వేరు. అమ్మేటప్పుడు వేలం సంస్థ 15 శాతం తీసుకుంటే, మీ 1,200 మీకు రావాలంటే పాట 1,412 దాకా వెళ్లాలి. అంటే ఆరేళ్లలో కేవలం అసలు వెనక్కి రావాలంటేనే ధర ఏటా దాదాపు 6 శాతం పెరగాలి. ఈ స్టాంపులకు పోటీపడే కొనుగోలుదారులు తక్కువ, అప్పగించిన రోజు నుంచి డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. దీన్ని పెట్టుబడి అని నేను అనను.

మీ 60,000లో ఆరు నెలల ఖర్చు 42,000 ముట్టుకోకూడదు. మిగిలిన 18,000 నుంచే పిల్లల చదువు, ఇల్లు మారే ఖర్చులు రావాలి. కాబట్టి రెండేళ్లకు కలిపి 4,000కి మించొద్దు, దాన్ని సరదా ఖర్చుగానే రాసుకోండి. ఆ డబ్బుతో బ్లడ్స్ వంటి సంస్థల మామూలు కవర్లు నాలుగైదు, సర్టిఫికెట్లతో సహా కొనగలుగుతారు. ఫిలడెల్ఫియానో న్యూయార్కో ఒకే నగరం ఎంచుకుంటే రేట్లు, ముద్రలు త్వరగా పట్టుబడతాయి.

ఐఆర్‌ఏతో వద్దే వద్దు. ఆ ఖాతా డబ్బుతో స్టాంపు కొంటే, కొన్న మొత్తాన్ని మీరు ఖాతాలోంచి బయటికి తీసుకున్నట్టే చట్టం లెక్కేస్తుంది. మామూలు ఐఆర్‌ఏ అయితే ఆ మొత్తం మీద ఆదాయపు పన్ను, మీ వయసుకి 10 శాతం జరిమానా పడతాయి. సొంత డబ్బుతో కొని ఏడాది దాటాక లాభానికి అమ్మితే, షేర్లకుండే 15, 20 శాతం రేట్లు దొరకవు. సేకరణ వస్తువులకు గరిష్ఠంగా 28 శాతం దాకా ఫెడరల్ పన్ను ఉంటుంది. సరదాకి దాచుకున్నదాన్ని నష్టానికి అమ్మితే ఆ నష్టం చూపించుకోవడానికి లేదు. ఇన్‌వాయిస్, కమిషన్, సర్టిఫికెట్ రుసుము కాగితాలన్నీ ఆయా కవర్లతోపాటే ఉంచండి.

ఇంటి బీమా సరిపోతుందనుకోకండి. మామూలు పాలసీల్లో స్టాంపులకు విడిగా చిన్న పరిమితి ఉంటుంది, చాలావాటిలో 1,500 డాలర్ల దగ్గరే ఆగుతుంది. బ్యాంకు లాకర్‌లో పెట్టినవాటికి ఎఫ్‌డీఐసీ (అమెరికా బ్యాంకు డిపాజిట్ల బీమా సంస్థ) రక్షణ లేదు. కవర్లను పీవీసీ తొడుగుల్లో పెట్టొద్దు, పాలిస్టర్‌వి వాడండి. నేలమాళిగ చెమ్మ అసలే పనికిరాదు.

హైదరాబాద్‌కి వచ్చాక వీటికి గిరాకీ ఆశించొద్దు, కొనేవాళ్లు అమెరికాలోనే ఉన్నారు. స్టాంపులు అక్కడే వదిలి వస్తే, మీరు భారత్‌లో పూర్తిస్థాయి రెసిడెంట్ అయ్యాక ఐటీ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ కింద విదేశీ ఆస్తిగా చూపాల్సి రావచ్చు. అమ్మదలచినవి ప్రయాణానికి కనీసం ఏడాది ముందే వేలానికి అప్పగించండి.

డీలర్‌కి ఈ మాట చెప్పండి: ఆల్బమ్‌లో తను అన్నిటికన్నా మంచివనుకునే మూడు స్టాంపులు ఏరి, తన ఖర్చుతో ఫిలాటెలిక్ ఫౌండేషన్‌కి పంపమనండి. మూడూ అసలువని వస్తే ఆ మూడింటి ధర మాత్రమే మాట్లాడండి. పంపడానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయండి.