వేదికెక్కబోతున్న మేనకోడలికి

చిరంజీవి చిట్టికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి ఉపన్యాసాలే వృత్తిగా పెట్టుకోబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. దాని గొంతులో సగం గర్వం, సగం గాబరా. నా పరిస్థితీ అదే. నీకు మాట వచ్చు, అందులో అనుమానం లేదు. ఆరో ఏట ఇరవై పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పిన పిల్లవి. నా భయం కూడా ఆ జ్ఞాపకశక్తి గురించే. దాని మీద నిన్ను చాలాసేపు విసిగించబోతున్నాను కాబట్టి చిన్న విషయాలు ముందు తేల్చేస్తాను.

ఉద్యోగం ఇప్పుడే వదలకు. ఏడాదికి ఎన్ని సభలు దొరికితే ఇల్లు గడుస్తుందో లెక్క వేసుకో. ఆ లెక్కలో సగమైనా డబ్బిచ్చే సభలు వరుసగా ఆరు నెలలు వచ్చాక రాజీనామా రాయి. వేదిక మీద గంటే కనిపిస్తుంది కానీ, సిద్ధం కావడానికి, ప్రయాణానికి, నిర్వాహకులతో ఫోన్లకు కలిపి మూడు నాలుగు రోజులు పోతాయి. రేటు ఆ రోజులన్నిటికీ కట్టాలి.

విషయం ఒక్కటే పెట్టుకో. నాయకత్వం, ఒత్తిడి, సమయపాలన, ఆత్మవిశ్వాసం అన్నీ కార్డు మీద వేసుకున్న వక్త ఏ ఒక్కదానికీ ఎవరికీ గుర్తురాడు. నువ్వు పదేళ్లు ఫ్యాక్టరీల్లో ప్రమాదాల నివారణ చూసినదానివి. షిఫ్టు మొదట్లో సూపర్‌వైజరు చెప్పే జాగ్రత్తలు కార్మికుడి చెవికి ఎందుకెక్కవో, ఎక్కాలంటే ఎలా చెప్పాలో నీకు తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ. అదే నీ విషయం. ఎవరికి చెబుతావు, వాళ్ల ఏ చిక్కు తీరుస్తావు, మర్నాడు పనిలో వాళ్లు దేన్ని వేరేగా చేస్తారు అనేవి రెండు వాక్యాల్లో రాసి గోడకు అంటించుకో.

అభ్యాసానికి దగ్గర్లో ఉన్న టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరు. నలుగురిలో మాట్లాడటం సాధన చేయించే క్లబ్బులవి, 1924 నుంచీ నడుస్తున్న సంస్థ. మామూలుగా ఐదు నుంచి ఏడు నిమిషాల ఉపన్యాసం ఇస్తారు. ఐదో నిమిషానికి పచ్చ, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు చూపిస్తారు. నీ 'అ...'లూ 'అంటే...'లూ లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటాడు. అప్పటికప్పుడు అంశం ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడిస్తారు చూడు, అది మాత్రం ఒక్కసారి కూడా తప్పించుకోకు. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఉపన్యాసాన్ని కంఠతా పట్టకు.

జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లందరూ పడే గుంట ఇది, పాతదే. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్ తొలి రోజుల్లో ఉపన్యాసం మొత్తం రాసుకుని, బట్టీపట్టి, అప్పుడే తోచినట్టు వినిపించేవాడు. 1904 ఏప్రిల్ 22న బ్రిటన్ పార్లమెంటు కామన్స్ సభలో ముప్పావు గంట దాకా బాగానే సాగింది. ఒక వాక్యం మధ్యలో తర్వాతి మాట రాలేదు. కాగితాల కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. విన్నందుకు సభ్యులకు కృతజ్ఞతలు చెప్పి కూర్చుండిపోయాడు. అప్పటికి 29 ఏళ్లు. ఆ తర్వాత నోట్సు దగ్గర పెట్టుకోకుండా పెద్ద ఉపన్యాసానికి లేవడం మానేశాడు.

ఎందుకలా జరుగుతుందో అర్థం చేసుకో. బట్టీపట్టిన పాఠంలో ఒక మాట నోట పడితేనే తర్వాతిది అందుతుంది. విషయం కాదు నీకు గుర్తుండేది, మాటల వరస. ఇంట్లో గదిలో ఆ వరస ఎప్పుడూ తెగదు. సభలో మైకు ఆగిపోతుంది, ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి ముందు వరసంతా లేచి నిలబడుతుంది, నువ్వు ఊహించని చోట జనం నవ్వుతారు. తెగిన వరసను అందుకోవాలంటే పేరా మొదటికి పోవాలి, మూడువందల మంది ముందు అది కుదరదు. పైగా గుండె దడదడలాడుతూ నోరు తడారిపోయిన సమయంలో మొదట జారిపోయేవి అలా పేర్చుకున్న మాటలే.

వరస తెగకపోయినా నష్టమే. గుర్తు తెచ్చుకునేటప్పుడు చూపు లోపలికి పోతుంది, వాక్యాలన్నీ ఒకే చోట దిగుతాయి, నవ్వాల్సిన చోట నీ ముఖం అరక్షణం ఆలస్యంగా నవ్వుతుంది. నాలుగైదు వాక్యాలు వినగానే పాఠం అప్పజెబుతున్నావని సభకు తెలిసిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం సగం బట్టీ: మూడు నాలుగుసార్లు చదివి, మాటలు కొన్ని పట్టుబడి, విషయం ఇంకా ఒంటబట్టని దశ. కొత్తవాళ్లు సరిగ్గా ఆ దశలోనే 'చాల్లే, వచ్చేసింది' అనుకుని వేదికెక్కుతారు.

'నాకలా జరగదు మావయ్యా' అని నువ్వనే మాట నాకిక్కడికి వినిపిస్తోంది. నోరు మూసుకుని చదువు, తల్లీ.

మొత్తం ఒక్కసారి రాయి. ఎంతసేపు పడుతుందో తెలియడానికీ, ఆలోచనలో కంతలు కనిపించడానికీ అంతే. తర్వాత ఆ కాగితాలు అలమరలో పెట్టి తాళం వెయ్యి. ఉపన్యాసాన్ని ఐదు నుంచి ఏడు ముక్కలు చెయ్యి. ప్రతి ముక్కకూ మూడే గుర్తులు: దేనితో మొదలవుతుంది, ఏ ఉదాహరణ, ఏ వాక్యంతో దిగుతుంది. ఒక పోస్టుకార్డంత అట్ట మీద ముక్కకొక మాట చొప్పున దూరానికి కనిపించేలా లావుగా రాసుకో. అట్టే కావాలి, పల్చటి కాగితమైతే నీ చేతి వణుకును పది రెట్లు చేసి చూపిస్తుంది.

అక్షరం మారకుండా నోటికి రావలసినవి కొన్ని ఉన్నాయి, కాదనను. మొదటి నాలుగు వాక్యాలు, చివరి మూడు, అంకెలు, పేర్లు, ఒక ముక్కలోంచి మరో ముక్కలోకి దాటించే వంతెన వాక్యాలు. సభాకంపం ఎక్కువగా ఉండేది మొదటి ఒకటి రెండు నిమిషాలే. ఆ కాసేపూ ఆ నాలుగు వాక్యాలే నిన్ను మోస్తాయి. మిగతాదంతా ప్రతిసారీ కొత్త మాటలతో చెప్పు. ఒకసారి నాలుగో ముక్కతో మొదలుపెట్టు. ఒకసారి అంతా ఐదు నిమిషాల్లో చెప్పు. ఒకసారి నడుస్తూ చెప్పు. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, మధ్యలో అడ్డు తగలమని చెప్పు. అడ్డం పడ్డ చోటి నుంచే అందుకోగలిగిన రోజున అది నీకు వచ్చినట్టు.

పాత రోమన్ల అలంకారశాస్త్రంలో విషయాల జ్ఞాపకం వేరు, మాటల జ్ఞాపకం వేరు అని విడదీశారు. తెలిసిన ఇంట్లో గదికొక విషయం చొప్పున పెట్టుకుని, మనసులో ఆ గదులు వరసగా తిరుగుతూ మాట్లాడేవాళ్లు. నీ ఏడు ముక్కలకూ మీ ఇల్లు సరిపోతుంది. వీధి గుమ్మంతో మొదలుపెట్టు.

ముక్కలుగా వచ్చినవాళ్లకే వాటిని కదిపే స్వేచ్ఛ ఉంటుంది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో అమెరికా నల్లజాతివాళ్ల హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన పాఠంలో, ఇప్పుడు అందరూ చెప్పుకునే 'నాకో కల ఉంది' అనే భాగం లేదు. చివర్లో కాగితం పక్కనపెట్టి అందుకున్నాడు. అది అక్కడికక్కడ పుట్టిందనుకుంటారు. కాదు, అంతకు రెండు నెలల ముందు డెట్రాయిట్‌లో ఆ ముక్క చెప్పే ఉన్నాడు. చేతిలో సిద్ధంగా ఉంది, సమయం చూసి తీశాడు.

ఇంత చేసినా ఒకరోజు బుర్ర ఖాళీ అవుతుంది. అప్పుడు క్షమించమనకు, 'ఎక్కడున్నాను' అని నవ్వకు. ఊపిరి నెమ్మదిగా వదులు, నీళ్లు ఒక గుటక వెయ్యి, ఇందాకటి వాక్యాన్నే ఇంకొంచెం నిదానంగా మళ్లీ చెప్పు, అట్ట చూడు. నాలుగు సెకన్ల మౌనం నీకు నలభైలా ఉంటుంది, సభకు ఆలోచించుకోమని ఇచ్చిన విరామంలా ఉంటుంది. అప్పటికీ రాకపోతే తర్వాతి ముక్కలోకి వెళ్లిపో. నువ్వు ఏం వదిలేశావో నీకు తప్ప ఎవరికీ తెలియదు.

సమయం దగ్గర మొహమాటం వద్దు. 45 నిమిషాలు ఇస్తే 38కి సిద్ధం చేసుకో, నవ్వులూ చప్పట్లూ మిగతాది తినేస్తాయి. నీ ముందువాళ్లు పావుగంట మింగేస్తే ఏ రెండు ముక్కలు తీసెయ్యాలో అట్ట మీద ముందే గుర్తు పెట్టుకో. వేగం పెంచి మొత్తం కుక్కాలని చూడకు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, గడియారం చూడని వక్తను చూసే పుట్టి ఉంటుంది ఆ మాట. ప్రశ్నలతో సభ ముగించవద్దు. ప్రశ్నలు తీసుకున్నాక ఆ చివరి మూడు వాక్యాలకు రెండు నిమిషాలు దాచుకో, లేకపోతే జనం ఇంటికి తీసుకెళ్లేది ఎవడో చివర్లో అడిగిన తిక్క ప్రశ్న. ప్రశ్నను మైకులో నువ్వు తిరిగి చెప్పాకే జవాబివ్వు, వెనక వరసలకు అది వినిపించి ఉండదు.

హాలుకు కనీసం గంట ముందు చేరు. వేదిక మీద నడిచి చూడు, ఏ చెక్క కిర్రుమంటుందో తెలుస్తుంది. జనం తక్కువొస్తారనిపిస్తే వెనక కుర్చీలు తీయించు. ఖాళీ వరసలు మధ్యలో ఉంటే నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకదు. చేతి మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి, మాట్లాడుతూ దాన్ని పొట్ట దాకా దించెయ్యడం అందరూ చేసే తప్పు. కాలర్ మైకైతే గడ్డానికి జానెడు కింద పెట్టించుకో, గొలుసు గానీ పమిట గానీ దానికి రాసుకుంటే హాలంతా గరగర. స్పీకరు బాక్సుల ముందుకు నడిస్తే మైకు కీచుమంటుంది. బ్యాటరీ కొత్తదేనా అని మైకు సెట్టు అబ్బాయిని పేరుతో పలకరించి అడుగు, ఆ రోజుకు నీకు అతనికంటే ముఖ్యమైన మనిషి లేడు. దిగగానే మైకు కట్టేశావో లేదో చూసుకో. బాత్రూంలోకి మైకుతో వెళ్లిన వక్తలున్నారు, ఇక చెప్పను.

స్లయిడ్లు ఉంటే అక్షరం సైజు 30కి తగ్గకూడదు. వేరే పెన్‌డ్రైవులో పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకో, అవతలి కంప్యూటర్లో నీ ఫాంటు లేకపోతే తెలుగంతా డబ్బాలుగా కనిపిస్తుంది. పవర్‌పాయింట్లో 'బి' కీ నొక్కితే తెర నల్లబడుతుంది. ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు అలా నొక్కు, చూపులన్నీ నీ వైపు తిరుగుతాయి.

మాటల విలువ ఏడు శాతమే, మిగతాదంతా గొంతూ హావభావాలూ అని ఎవరో ఒకరు నీకు శిక్షణ తరగతిలో చెబుతారు. నమ్మకు. అది 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగాల్లోంచి పీకిన అంకె. పలికిన మాటకూ ముఖానికీ పొంతన లేనప్పుడు ఇష్టమో అయిష్టమో జనం దేన్ని బట్టి పోల్చుకుంటారన్నదే అక్కడి ప్రశ్న. ఉపన్యాసాలకు దాన్ని అంటగట్టడం తప్పని ఆయనే చెప్పాడు.

డబ్బు సంగతి మీ అమ్మ ముందు అడగలేవు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. తేదీ ఖాయం కావాలంటే సగం అడ్వాన్సు, మిగతాది సభ రోజుకు ముందే. ప్రయాణం, బస ఎవరిది, సభ రద్దయితే అడ్వాన్సు ఏమవుతుంది, వీడియో తీస్తే ఎక్కడెక్కడ వాడుకోవచ్చు అన్నవి కాగితం మీద ఉండాలి. వీడియో మాట మర్చిపోతే ఒక్క పారితోషికానికి ఏళ్ల తరబడి నీ ఉపన్యాసం వాళ్ల శిక్షణ తరగతుల్లో ఆడుతుంది. మొదట్లో ఉచితంగా మాట్లాడక తప్పదు. అలాంటప్పుడు కూడా పూర్తి రేటు వేసి, పూర్తి తగ్గింపు చూపించి సున్నా బిల్లు పంపు. బదులుగా మంచి వీడియో, రెండు వాక్యాల మెప్పు ఉత్తరం, నిన్ను పిలవగలిగిన ఇద్దరి పరిచయం అడుగు. రెండు రోజుల్లోపు అడగాలి, వారం దాటితే వాళ్లు వేరే సభ హడావుడిలో ఉంటారు. వీడియోకు శబ్దం కెమెరాది కాకుండా మైకు సెట్టు నుంచి నేరుగా తీయించు. దాన్ని రెండు మూడు నిమిషాలకు కత్తిరించి, నీ పేరు, సంగీతం, లోగోలతో కాకుండా నువ్వు బాగా మాట్లాడిన ముక్కతోనే మొదలుపెట్టు.

ఒప్పుకున్న ప్రతి సభకూ ముందు నిర్వాహకులతో అరగంట మాట్లాడు. ఎవరొస్తున్నారు, నీకు ముందు ఎవరు, భోజనం ముందా వెనకా, ఏ మాట ఎత్తకూడదు. ముఖ్యంగా నీ రంగంలో, ఆ ఫ్యాక్టరీలో ఈమధ్య ప్రమాదం జరిగిందేమో అడుగు. బాధితుడి తోటివాళ్లు ముందు వరసలో కూర్చుని ఉండగా నువ్వు సరదాగా ఒక ఉదాహరణ విసిరావంటే ఇక ఆ సభ నీది కాదు. కుదిరితే వినబోయేవాళ్లలో ముగ్గురితోనైనా ఫోన్‌లో మాట్లాడు.

గొంతు జాగ్రత్త. నీళ్లు వేదికెక్కే ముందు తాగితే నోరు తడుస్తుంది గానీ స్వరతంత్రులకు ఆ నీళ్లు నేరుగా తగలవు, పొద్దుటి నుంచే తాగుతూ ఉండాలి. మాటిమాటికీ సకిలించి గొంతు సవరించుకోకు, గుటక వెయ్యి. బొంగురు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు, దానికీ శ్రమే, పూర్తిగా ఊరుకోవాలి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించు, సభలున్నాయని వాయిదా వెయ్యకు. ఒకే రోజు రెండు ఊళ్లు ఒప్పుకోవద్దు.

వచ్చే నెల మొదటి సభ ఉందట కదా. రాసిన స్క్రిప్టు దిద్దమని నాకు పంపబోతున్నావని మీ అమ్మ అంది. అది వద్దు. నీ అట్ట ఫొటో తీసి పంపు, నేను ఏదో ఒక ముక్క చూపించి ఫోన్‌లో అక్కణ్ణుంచి మొదలుపెట్టమంటాను. మధ్యలో దగ్గుతాను కూడా.

ఉంటాను,
మావయ్య